పిల్లల పళ్ళెం, ఇంటి లెక్క

(సోలాపూర్ తూర్పు భాగంలో, ఇంటివద్ద పిల్లలను చూసుకొనే మహిళల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఇంటివద్దనే ఉండి పరుల పిల్లలను పగటివేళ చూసుకొనే చోటును మరాఠీలో పాళణాఘర్ అంటున్నాము. మన తెలుగిళ్ళలో ఆ పనికి చాలాకాలం పేరే లేదు. తల్లి ఆకు, తంబాకు తెచ్చుకోవడానికి బీడీ కారఖానాకు వెళితే పక్కింటి పెద్దమ్మ బిడ్డను పట్టుకొనేది. తండ్రి మగ్గం మీద, తల్లి కండెలు చుట్టే పనిలో ఉంటే అవ్వ సాకేది. అందుకు డబ్బు ఇవ్వడం, పుచ్చుకోవడం అన్న ఊహే ఉండేది కాదు. ఈనాడు యూనిఫాములు కుట్టే చోట్లకు, ఆసుపత్రులకు, దుకాణాలకు, బడులకు వెళ్ళే తల్లులు ఉదయం తొమ్మిదింటికి బిడ్డను మీ చేతికి అప్పగించి, సాయంత్రం ఆరింటికి వచ్చి తీసుకొనిపోతున్నారు. నెలకు ఇంత అని ముట్టజెబుతున్నారు. అది వృత్తి అయింది. వృత్తికి ఉండవలసిన లెక్క మాత్రం ఇంకా చాలా ఇళ్ళలోకి రాలేదు. ఆ లెక్కలో ఒక్క భాగాన్ని గురించే ఈ వేళ మాట్లాడదలచాను. అది పిల్లలకు పెట్టే తిండి ఖర్చు.

ఈ మాట ఎత్తగానే మీలో కొందరి మొహాలు ముడుచుకోవడం చూస్తున్నాను. పసిబిడ్డ తిన్న ముద్దలు లెక్కపెట్టడమేమిటి, అన్నం అమ్ముకోవడమేమిటి అని. ఆ భావం మనకు పెద్దలనుంచి వచ్చింది, దానిని నేను తక్కువ చేయను. పళ్ళెం ముందు కూర్చున్న బిడ్డ మారు అడిగితే లెక్క చూడకూడదు, నిజమే. అందుకే లెక్క పళ్ళెం దగ్గర చేయకూడదని చెబుతున్నాను. ఎసరు పెట్టకముందు, డబ్బా మూత తీసినప్పుడు చేయాలి. అక్కడ చేయనివారు చివరకు పళ్ళెం దగ్గరే చేస్తారు, తమకు తెలియకుండానే చేస్తారు. ఇరవై ఏళ్ళుగా బచత్ గట్ల పుస్తకాలు చూస్తూ ఎన్నో వంటిళ్ళలో కూర్చున్నదానను. నెలాఖరు వచ్చేసరికి పాలు పలుచనవుతాయి. పప్పులో నీళ్ళు ఎక్కువవుతాయి. గుడ్డు వారానికి మూడుసార్లనుంచి ఒకసారికి వస్తుంది. ఆ ఇల్లాలు దుర్మార్గురాలు కాదు. ఎక్కడ నష్టపోతున్నదో తెలియనందువల్ల చేతికి అందినచోట తగ్గిస్తుంది. చేతికి అందేది బిడ్డ గ్లాసే.

మనది నేతవారి ఊరు. నూలు ఇచ్చేటప్పుడు తూస్తారు, బట్ట తీసుకొనేటప్పుడు తూస్తారు, నడుమ పోయిన తరుగుకు జవాబు అడుగుతారు. టవలు ఒక్కటి తయారు కావడానికి ఎంత నూలు పడుతుందో చదువురాని మనిషి కూడా చెప్పగలడు. బీడీలు చుట్టే అమ్మకు వెయ్యికి ఎంత ఆకు కావాలో, ఎంత తంబాకు కావాలో కళ్ళు మూసుకొన్నా తెలుసు. అంత లెక్క తెలిసిన చేతులే వంటింట్లోకి వచ్చేసరికి గుప్పెడు, చారెడు, సోలెడు అంటాయి. ఇంటివరకు ఆ కొలతలు చాలు. ఇంకొకరి బిడ్డకు డబ్బు తీసుకొని వండేటప్పుడు గ్రాములు కావాలి.

ఒక ఇంటిని ఊహించుకొందాము. ఒకామె రెండేళ్ళనుంచి అయిదేళ్ళలోపు పిల్లలను అయిదుగురిని చూసుకొంటున్నది. నెలకు పాతిక దినాలు పని. బిడ్డకు 2,000 రూపాయలు, తిండితో కలిపి. అంటే నెలకు 10,000 వస్తున్నది. ఆమెను తిండికి ఎంత అవుతున్నదని అడిగితే వెంటనే చెబుతుంది: పాలవాడికి ఇంత, అరటిపళ్ళకు ఇంత, గుడ్లకు ఇంత. ఈ మూడూ పిల్లలకోసం వేరుగా కొన్నవి, డబ్బు చేతినుంచి వెళ్ళింది కనుక గుర్తున్నవి. బియ్యం, పప్పు, నూనె, కూర, గ్యాసు మాటేమిటంటే, 'అవి ఇంట్లోవే కదా' అంటుంది. ఈ ఒక్క మాటలోనే ఆమె సంపాదనలో పెద్ద భాగం కరిగిపోతున్నది.

ఒక బిడ్డకు ఒక దినం పెట్టే మొత్తం తిండిని ఒక పళ్ళెం అందాము. అయిదుగురు, పాతిక దినాలు, నెలకు 125 పళ్ళేలు. ఇప్పుడు ఒక్క పళ్ళెం వెల కడదాము. నేను చెప్పే ధరలు లెక్కకోసం తీసుకొన్నవి. మీ దుకాణం ధరలు మీరు వేసుకోవాలి, పద్ధతి మాత్రం మారదు.

మధ్యాహ్నం అన్నానికి బిడ్డకు 50 గ్రాముల బియ్యం. కిలో 60 అనుకొంటే 3 రూపాయలు. కందిపప్పు 20 గ్రాములు, కిలో 140 చొప్పున 2 రూపాయల 80 పైసలు. కూరగాయలు 60 గ్రాములు, కిలో 50 చొప్పున 3 రూపాయలు. ఇక్కడ ఒక మాట: 60 గ్రాములంటే కొన్న బరువు, తొక్కలు తీసిన తరువాతి బరువు కాదు. తొక్కకు కూడా డబ్బు ఇచ్చాము కదా. నూనె, పోపుకూ రొట్టె మీదికీ కలిపి, 8 గ్రాములు, కిలో 150 చొప్పున 1 రూపాయి 20 పైసలు. పాలు, పొద్దుటి గ్లాసుకు 150 మిల్లీలీటర్లు, పెరుగుకు తోడుపెట్టినవి 50, మొత్తం 200. లీటరు 60 అయితే 12 రూపాయలు. గుడ్డు దినం విడిచి దినం, ఒకటి 7 చొప్పున సగటున 3 రూపాయల 50 పైసలు. గుడ్డు లేని దినం అరటిపండు, ఒకటి 5 చొప్పున సగటున 2 రూపాయల 50 పైసలు. సాయంత్రం పల్లీల పొడి 15 గ్రాములు, బెల్లం 10 గ్రాములు కలిపి ఒక చిన్న ఉండ, రెంటికీ 2 రూపాయల 70 పైసలు. ఉప్పు, పసుపు, జీలకర్ర వగైరాలకు 80 పైసలు. కూడితే 31 రూపాయల 50 పైసలు.

పల్లీలను పొడి అని ఎందుకన్నానంటే, శేంగా చట్నీ మన ఊరికి పేరే అయినా, అయిదేళ్ళలోపు పిల్లలకు పల్లీ గింజను గింజగా ఇవ్వరాదు. గొంతుకు అడ్డంపడి ఊపిరి ఆగే ప్రమాదం ఉన్నది. ఇది లెక్కలో మాట కాకపోయినా చెప్పకుండా దాటలేను.

ఇక గ్యాసు. వంట ఒకే పొయ్యి మీద, ఒకే గిన్నెలో అవుతున్నప్పుడు పిల్లల భాగం ఎంతో తెలిసేదెట్లా అని అడుగుతారు. సిలిండరు చెబుతుంది. కొత్త సిలిండరు పెట్టిన తేదీని క్యాలెండరు మీద రాయండి, అయిపోయిన తేదీని రాయండి. పిల్లలు రాకమునుపు 14.2 కిలోల సిలిండరు మీ ఇంటికి 45 దినాలు వచ్చేదనుకొందాము. పిల్లలు వచ్చాక 36 దినాలకే అయిపోతున్నది. సిలిండరు 900 రూపాయలైతే, మునుపు దినానికి 20 ఖర్చయ్యేది, ఇప్పుడు 25 అవుతున్నది. దినానికి 5 రూపాయల తేడా, నెలకు 150. దానిని 125 పళ్ళేలకు పంచితే పళ్ళానికి 1 రూపాయి 20 పైసలు. చిన్న మొత్తమే. కాని ఇంతవరకు ఏ పద్దులోనూ లేని మొత్తం.

తరుగు చివరిది. పసివాళ్ళు పారబోస్తారు, ఉమ్ముతారు, రెండు ముద్దలు తిని నిద్రపోతారు. మన వేసవిలో పొద్దుటి పాలు మధ్యాహ్నానికే విరిగిపోతాయి. చాలామంది ఇల్లాళ్ళు పిల్లలు వదిలిన అన్నాన్నే తమ మధ్యాహ్న భోజనం చేసుకొని, ఖర్చు కలిసివచ్చిందనుకొంటారు. తన ఇంటి అన్నం తనకు ఉన్న మనిషి పరుల పిల్లల ఎంగిలి తినవలసిన అవసరమేమిటో నాకు ఎన్నడూ అర్థం కాలేదు. దానిని ఆదా అనడం మానండి. సరుకుల వెలలో పదో వంతు తరుగుకింద వేయండి. 31 రూపాయల 50 పైసలకు 3 రూపాయల 15 పైసలు.

మొత్తం 35 రూపాయల 85 పైసలు. 36 అనుకొందాము. బిడ్డకు నెలకు 900. అయిదుగురికి 4,500.

ఇప్పుడు ఆ ఇల్లాలు గుర్తుపెట్టుకొన్న ఖర్చును చూడండి. పాలు నెలకు 25 లీటర్లు, 1,500. గుడ్లకు సుమారు 438, అరటిపళ్ళకు సుమారు 312. మొత్తం 2,250. అసలు ఖర్చు 4,500. అంటే సరిగ్గా సగం కనబడుతున్నది, సగం ఇంటి డబ్బాలలోనుంచి మౌనంగా వెళ్ళిపోతున్నది. వచ్చిన 10,000 లో తనకు 7,750 మిగిలిందని ఆమె అనుకొంటున్నది. మిగిలింది 5,500. దినానికి తొమ్మిది గంటలు, నెలకు 225 గంటల పని. గంటకు 34 రూపాయలు వస్తున్నదనుకొన్నది 24 మాత్రమే. సంవత్సరానికి 27,000 రూపాయలు ఆ ఇల్లు అయిదు కుటుంబాలకు తెలియకుండా ఇచ్చివేస్తున్నది. తీసుకొన్నవారికీ తెలియదు, ఇచ్చినవారికీ తెలియదు. ఇంట్లో మాత్రం 'నువ్వు సంపాదిస్తున్నావు కదా, కిరాణా బిల్లు ఎందుకు పెరిగింది' అన్న ప్రశ్న వస్తుంది, ఆమె దగ్గర జవాబు ఉండదు.

దినదినం తూచడం ఎవరివల్లా కాదు, అది నాకు తెలుసు. చంకలో ఒకడు, కాళ్ళకు చుట్టుకొని ఒకతె, పొయ్యి మీద పాలు. ఆ వేళ కాటా తీసి గ్రాములు చూడమని ఏ బుద్ధిమంతుడూ చెప్పడు. అందుకు నేను చెప్పే ఉపాయం వేరే డబ్బాలు. ఒకటో తేదీన, పిల్లలు లేని వేళ, ఒక్కసారే తూచండి. 125 పళ్ళేలకు బియ్యం ఆరుంపావు కిలోలు, కందిపప్పు రెండున్నర కిలోలు, నూనె ఒక కిలో, పల్లీలు 1,875 గ్రాములు, బెల్లం కిలోంపావు. వీటిని పిల్లల డబ్బాలని వేరుగా పెట్టండి. ఒక చిన్న గ్లాసులో 50 గ్రాముల బియ్యం ఎంతవరకు వస్తుందో చూసి గీత గీసుకోండి, పప్పుకు ఇంకొక గీత. ఎంతమంది పిల్లలు వస్తే అన్ని గ్లాసులు పిల్లల డబ్బాలోనుంచి, మీ ఇంటివారికి కావలసినది ఇంటి డబ్బాలోనుంచి. వండేది ఒకే గిన్నెలో వండండి, అభ్యంతరం లేదు. నెల చివర పిల్లల డబ్బా ఇరవై నాలుగో తేదీకే ఖాళీ అయితే 50 గ్రాములు చాలడం లేదని అర్థం. అప్పుడు లెక్క మార్చాలి, పళ్ళెం మార్చకూడదు. ఆరో తేదీ వరకు వస్తే పిల్లలు తినడం లేదేమో చూసుకోవాలి. ఈ రెండో సంగతి డబ్బుకన్నా ముఖ్యమైనది. నెమ్మదిగా తిండి తగ్గించిన బిడ్డ సంగతి, తల్లి కన్నా ముందు, ఈ డబ్బా పట్టిస్తుంది.

మీ మనవడో మనవరాలో కూడా ఆ పిల్లలతోనే తింటూ ఉంటే ఆ పళ్ళెం ఇంటి డబ్బాలోనుంచే రావాలి. పళ్ళేల లెక్కలో ఆ బిడ్డను చేర్చకూడదు. ఇది స్పష్టంగా లేకపోతే తల్లిదండ్రులు అడిగిన రోజున మీ లెక్క నిలవదు.

రేషను బియ్యం మాట ప్రతి సభలోనూ వస్తుంది. ప్రాధాన్య కుటుంబాల కార్డు మీద మనిషికి నెలకు 5 కిలోల ధాన్యం ఇస్తున్నారు, అది ఇప్పుడు ఉచితం. 'ఉచితంగా వచ్చిన బియ్యానికి వెల ఏమి వేయము' అంటారు. ఆ ధాన్యం మీ ఇంటి మనుషులకోసం ఇచ్చినది. దానిలోనుంచి ఆరు కిలోలు పిల్లలకు వండితే, ఇరవయ్యో తేదీకి మీ ఇంటికి దుకాణంలో బియ్యం కొనవలసివస్తుంది. అప్పుడు ఇచ్చే వెలే దాని వెల. పిల్లల బియ్యాన్ని మొదటే వేరుగా కొని రసీదు పెట్టుకోవడం అన్నివిధాలా మంచిది.

కొందరు తండ్రులు ఇంకొక ప్రశ్న వేస్తారు. అంగన్‌వాడీలో బిడ్డకు దినానికి 8 రూపాయలతో పెడుతున్నారు, మీకు 36 ఎందుకు అని. ఈ ప్రశ్నకు కోపగించుకోకుండా జవాబు చెప్పడం నేర్చుకోవాలి. 1975 అక్టోబరు 2న మొదలైన సమగ్ర శిశు అభివృద్ధి సేవల పథకం కింద అంగన్‌వాడీలో ఇచ్చేది అనుబంధ ఆహారం. ఇంట్లో తినే తిండికి తోడుగా 500 కిలో కెలోరీలు, 12 నుంచి 15 గ్రాముల మాంసకృత్తులు అందాలన్నది 2017 నాటి ప్రమాణం. 8 రూపాయలు 2017 లో నిర్ణయించిన వ్యయం. పైగా ఆ పథకానికి ధాన్యం ప్రభుత్వ రాయితీ ధరకు వస్తుంది, మనకు దుకాణం ధరకు వస్తుంది. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ, 1918 లో కూనూరులో చిన్నగా మొదలై 1958 లో హైదరాబాదుకు తరలివచ్చిన సంస్థ, 2020 లో ప్రకటించిన ప్రమాణాల ప్రకారం ఒకటినుంచి మూడేళ్ళ బిడ్డకు దినానికి సుమారు 1,010 కిలో కెలోరీలు, నాలుగునుంచి ఆరేళ్ళ బిడ్డకు సుమారు 1,360 కావాలి. మెలకువగా ఉండే వేళలో ఎక్కువ భాగం మీ ఇంట్లో గడిపే బిడ్డకు అందులో సగమైనా మీ చేతిమీదుగా అందవలసి ఉంటుంది. ఇందాక మనం కట్టిన పళ్ళెం దినానికి 600 కిలో కెలోరీలు దాటుతుంది. కనుక 36 రూపాయలు విలాసం ఏమీ కాదు. పెద్ద పిల్లలకు అన్నం కొంచెం ఎక్కువ, చిన్నవారికి తక్కువ పడుతుంది. అయిదుగురి మీద సగటు చూసుకొంటే చాలు. వయసువారీగా వేరు వేరు రేట్లు పెట్టడం చిక్కులకు దారి.

గుడ్డు వద్దనే కుటుంబాలు ఉంటాయి. ఆ బిడ్డకు ఆ దినం అదే వెలకు పాలో పెరుగో పెంచండి. రుసుము తగ్గించమంటే తగ్గించనక్కరలేదు. బిడ్డకు అందే వెల తగ్గలేదు కదా.

ఇంటినుంచి డబ్బా పంపుతామనే తల్లులు కూడా ఉన్నారు. పంపనివ్వండి. అయితే డబ్బా తెచ్చిన బిడ్డ పక్కవాడి పళ్ళెంలోని గుడ్డు చూసి ఊరుకొంటాడని ఎవరూ అనుకోకూడదు. డబ్బా తెచ్చేవారికి పాలు, సాయంత్రపు ఉండ మాత్రం లెక్క కట్టి సగం తిండి రుసుముగా పెట్టుకోవడం మేలు.

రాని దినాల సంగతి ఎక్కువ తగవులకు మూలం. బిడ్డకు జ్వరం వచ్చి నాలుగు దినాలు రాలేదు, నాలుగు దినాల డబ్బు తగ్గించమంటారు. ఇక్కడ రెండు వేరు చేయాలి. మీ సమయం, మీ ఇంట్లో ఆ బిడ్డకు ఉంచిన చోటు, ఇవి బిడ్డ రాకపోయినా మీకు తిరిగిరావు. కనుక చూసుకొనే రుసుము తగ్గదు. తిండి రుసుము తగ్గవచ్చు, అయితే ముందునాటి సాయంత్రం చెబితేనే. ఉదయం తొమ్మిదింటికి ఫోను వచ్చేసరికి పాలు కాగి ఉంటాయి, పప్పు నాని ఉంటుంది. ఈ నియమాన్ని మొదటి దినమే చెప్పి, కాగితం మీద తెలుగులోనూ మరాఠీలోనూ రాసి ఇవ్వాలి. పండుగల విషయం కూడా అందులోనే రాయండి. జనవరిలో సిద్ధేశ్వరుని గడ్డా యాత్ర దినాలు, శ్రావణ పౌర్ణమినాటి మార్కండేయ రథోత్సవం, దసరా, దీపావళి, ఏయే దినాలు మీరు చూసుకోరో ముందే తెలిస్తే తల్లులు వేరే ఏర్పాటు చేసుకొంటారు. సెలవుల నెలలో పాతిక పళ్ళేలు ఉండవు, ఇరవై ఒకటో ఇరవై రెండో ఉంటాయి. తిండి రుసుము అందుకు తగ్గట్టే తీసుకోండి. మీరు తగ్గించడం ఒకసారి చూసినవారు, పెంచిన రోజున వాదించరు.

పెంచడం ఎప్పుడు? టమాటా ధర ఎక్కిన ప్రతిసారీ కాదు. కూరగాయలన్నీ కలిసి పళ్ళెంలో 3 రూపాయలే. ఒకటి ఎక్కితే ఇంకొకటి వండవచ్చు. కన్నువేయవలసినవి పాలు, పప్పు. పళ్ళెం సరుకుల వెలలో మూడో వంతుకు మించి పాలదే. లీటరుకు 2 రూపాయలు పెరిగితే నెలకు మీ మీద 50 రూపాయలు పడుతుంది. కందిపప్పు కిలోకు 40 పెరిగితే 100 పడుతుంది. సంవత్సరానికి రెండుసార్లు, బడులు తెరిచే జూన్‌లో ఒకసారి, దీపావళి అయ్యాక ఒకసారి, ధరలన్నీ కొత్తగా వేసి చూసుకోండి. పళ్ళానికి రెండు రూపాయలకన్నా తేడా ఉంటేనే మార్చండి.

ఇక్కడే ఒక సూచన. 2,000 అని ఒకే అంకె చెప్పకండి. చూసుకొనేందుకు 1,100, తిండికి 900 అని రెండుగా చెప్పండి. మొత్తం అదే. కాని రెండుగా చెప్పినప్పుడు, ధరలు పెరిగితే పెరిగేది తిండి రుసుమే అని అవతలివారికి తెలుస్తుంది. పైగా రెండుగా విడదీసిన మరుక్షణం మీకే ఒక సంగతి తెలుస్తుంది: దినానికి తొమ్మిది గంటలు ఒక బిడ్డను కంటికి రెప్పలా చూసినందుకు మీరు పుచ్చుకొంటున్నది దినానికి 44 రూపాయలని. అది చాలునా చాలదా అన్నది మీరు తేల్చుకోవలసిన విషయం, నేను కాదు. తేల్చుకోవడానికి ఆ అంకె మీ ముందు ఉండాలన్నదే నా మనవి.

అందరు తల్లులూ 900 ఇచ్చుకోలేరు. వారం కూలి మీద బ్రతికే తల్లి, భర్త మంచాన పడిన తల్లి, ఇద్దరు పిల్లలను తెచ్చే తల్లి మీ వాకిట నిలబడతారు. అటువంటివారికి తగ్గించవద్దని చెప్పే అధికారం నాకు లేదు, మనసూ లేదు. తగ్గించండి. తగ్గించినది పుస్తకంలో రాయండి: 'తిండి రుసుము 900, తీసుకొన్నది 500, తగ్గించినది 400.' నెలకు అటువంటి పద్దు ఒకటి మీ ఇల్లు భరించగలదా, రెండు భరించగలదా అన్నది అప్పుడు మీకు తెలుస్తుంది. ఆ 400 ఎక్కడినుంచి వస్తున్నదో తెలిసిన ఇల్లాలు మిగతా నలుగురి పాలల్లో నీళ్ళు కలపదు.

పుస్తకం గురించి భయపడనక్కరలేదు. మీలో చాలామంది బచత్ గట్‌లో పొదుపు, అప్పు, వడ్డీ పద్దులు రాసినవారే. దీనికి అంతకూడా పట్టదు. ఒక పేజీలో పిల్లల పేర్లు, తేదీలు. వచ్చి తిన్న దినం ఒక గీత, డబ్బా తెచ్చుకొన్న దినం సగం గీత, రాని దినం సున్న. నెలాఖరున గీతలు కూడితే పళ్ళేలు వస్తాయి. ఎదుటి పేజీలో పిల్లలకోసం కొన్నవి, రసీదులు పిన్ను చేసి. కూరగాయల బండివాడు రసీదు ఇవ్వడు, తేదీ వేసి మీరే రాసుకోండి. పిల్లల సరుకు, ఇంటి సరుకు ఒకే రసీదులో వస్తే పిల్లలవాటి కింద గీత గీయండి. తల్లిదండ్రులు ఇచ్చే డబ్బు ఫోను ద్వారా వస్తే అదే రుజువు. చేతికి ఇస్తే తేదీ వేసి వారి సంతకం తీసుకోండి.

ఈ పుస్తకం ఇతరత్రా కూడా పనికివస్తుంది. మంచాలకో, ఫ్రిజ్జుకో, గదికి జాలీ తలుపుకో అప్పు కావలసివస్తే, ముద్రా పథకంలో శిశు విభాగం కింద 50,000 రూపాయల వరకు బ్యాంకులు ఇస్తాయి. బ్యాంకువారు మొదట అడిగేది నెలకు ఎంత వస్తున్నది, ఎంత పోతున్నది అనే. ఆదాయపు పన్ను దృష్టిలోనూ వచ్చినదంతా ఆదాయం కాదు, పనికోసం పెట్టిన ఖర్చు పోగా మిగిలినదే ఆదాయం. ఇంటిల్లిపాది తిన్న తిండి మాత్రం ఆ ఖర్చులోకి రాదు. మీలో ఎక్కువమంది పన్ను కట్టవలసినంత సంపాదన ఉన్నవారు కారు, అయినా రెండు డబ్బాలు వేరుగా పెట్టిన ఇంట్లో ఆ ప్రశ్నకు జవాబు ఎప్పుడూ సిద్ధంగా ఉంటుంది.

ధరలు వేసుకోవడానికి ఖాళీ గడులతో ఒక కాగితం బల్ల మీద పెట్టాము, తలా ఒకటి తీసుకొని వెళ్ళండి. బియ్యం, పప్పు, పాల ధరలు ఈ వారం మీరు కొన్నవే వేయండి, నేను చెప్పినవి వేయకండి. ఇంట్లో కాటా లేనివారు కిరాణావాడి దగ్గరే 50 గ్రాముల బియ్యం, 20 గ్రాముల పప్పు తూపించుకొని గ్లాసు మీద గీత పెట్టించుకోవచ్చు. పూర్తి చేసిన కాగితాలతో మళ్ళీ కలిసినప్పుడు, ఒక్కొక్కరి పళ్ళెం ఎంతకు వచ్చిందో కూర్చుని చూద్దాము.